రుబ్బే చేతికి దండం

మా వీధి చివర ఇడ్లీ పిండి అమ్మే ఆవిడ పనితనం చూసి తీరాలి. నానిన మినపప్పును చల్లటి నీళ్లు చిలకరిస్తూ రుబ్బుతారు; పిండి వేడెక్కితే సరిగా పొంగదంటారు. గిన్నెడు నీళ్లలో ఒక్క బొట్టు పిండి వేస్తారు. అది తేలితేనే, నానబెట్టి గట్టిగా పిండిన ఇడ్లీ రవ్వ కలుపుతారు.

ఆపైన పని చాలావరకు ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాది. మినపప్పుతోనే వచ్చే ఈ సూక్ష్మజీవులు రాత్రంతా చక్కెరలను తింటూ లాక్టిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడును వదులుతాయి. ఆ వాయువు వల్లే ఇడ్లీ గుల్లగా వస్తుంది. పులుపు ఆమ్లానిది, చెడు క్రిములను పెరగనివ్వనిదీ అదే. పసిపిల్లలకైనా, జ్వరం తగ్గినవాళ్లకైనా మన ఇళ్లలో ముందు పెట్టేది ఇడ్లీయే.

కంటికి కనిపించని జీవులకు ఏం కావాలో ఎరిగి మసలుకోవడం నిజంగా గొప్ప విద్య. చలికాలంలో అవి నెమ్మదిస్తాయి కాబట్టి ఆవిడ మధ్యాహ్నమే గ్రైండరు వేసేస్తారు.