పునఃప్రకటన – అనువృత్తి: కంపైలర్ దోషసూచనల భాషపై విమర్శ

ఉపోద్ఘాతం:
నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ శిక్షణ కేంద్రాలకు వస్తుంటారు. సి భాష నేర్చేవారు నిత్యం చదవవలసిన పాఠం కంపైలర్ ఇచ్చే దోషసూచన. అదీ వాక్యమే కనుక వాక్యార్థ విచారణకు లోబడుతుంది. ప్రమేయాల పునఃప్రకటనలో వచ్చే దోషసూచనలను ఆ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశ్యం.

1. సమస్య స్వరూపం:
ప్రమేయాన్ని పిలిచినప్పుడు విలువలను ఎక్కడ ఉంచాలో, పని ముగిశాక స్టాక్‌ను ఎవరు సరిచేయాలో కాలింగ్ కన్వెన్షన్ నిర్ణయిస్తుంది. 32 బిట్ల ఎక్స్86 యంత్రంపై సీడెక్ల్ పద్ధతిలో స్టాక్ బాధ్యత పిలిచిన ప్రమేయానిది. ఎస్‌టీడీకాల్‌లో పిలువబడిన ప్రమేయానిది. ఇద్దరూ చేసినా, ఎవరూ చేయకున్నా లెక్క తప్పుతుంది.

క్లాంగ్ కంపైలర్‌లో మొదటి ప్రకటనలో ఎస్‌టీడీకాల్ పేర్కొని, రెండవదానిలో విడిచిపెడితే దోషం లేదు. క్రమం తారుమారైతే దోషం. అదే పాఠాన్ని 64 బిట్ల లినక్స్‌కు కంపైల్ చేస్తే ఆ విశేషణాన్ని పట్టించుకోలేదన్న హెచ్చరిక మాత్రమే వస్తుంది. జీసీసీ ఇలాంటి వైరుధ్యాన్ని రకాల వైరుధ్యంగా పేర్కొంటుంది.

2. అనువృత్తి దృష్టి:
పాణినీయంలో పై సూత్రంలోని పదం కింది సూత్రాలకు అనువర్తించడం అనువృత్తి. క్లాంగ్ నియమం ఇటువంటిదే: ముందు చెప్పిన పద్ధతి తరువాతి ప్రకటనకు సంక్రమిస్తుంది, వెనుకకు సంక్రమించదు. దీనికి హేతువుంది. రెండు ప్రకటనల నడుమ ఆ ప్రమేయాన్ని పిలిచి ఉంటే, ఆ పిలుపు అప్పటికి తెలిసిన పద్ధతికే కట్టుబడి ఉంటుంది. కనుక క్రమభేదం వల్ల ఫలితభేదం కలగడం నియమదోషం కాదు.

3. వాక్యదోషం:
లోపమంతా చెప్పిన తీరులో ఉంది. ఇంతకుముందు ‘కాలింగ్ కన్వెన్షన్ లేకుండా’ ప్రకటించారని క్లాంగ్ అంటుంది. పద్ధతి లేని ప్రమేయం ఉండదు. పేర్కొననప్పుడు సహజ పద్ధతి వర్తిస్తుంది. అనుక్తాన్ని అభావంగా చెప్పడం వల్ల వాక్యానికి యోగ్యత లోపించింది. రకాలు పొసగలేదన్న వాక్యంలో ఏ అంశం పొసగలేదన్న ఆకాంక్ష తీరదు. రెండు ప్రకటనల్లోనూ రకాలు ఒకేలా కనిపిస్తున్న విద్యార్థి తన ఇంగ్లీషునో, తన తెలివినో శంకించుకొంటాడు.

ముగింపు:
“మొదటి ప్రకటనలో పద్ధతి పేర్కొనలేదు, అందువల్ల సీడెక్ల్ వర్తించింది. ఇప్పుడు పేర్కొన్న ఎస్‌టీడీకాల్ దానికి విరుద్ధం” అన్నప్పుడు హేతువు, దోషస్థానం, సవరణమార్గం మూడూ తెలుస్తాయి. దోషసూచనను తెలుగులోకి తేవడమంటే మాటలు మార్చడం కాదు, అది దాచిన నియమాన్ని వెలికితీయడం. భాషాశాస్త్రం, సాంకేతిక బోధన కలిసి చేయవలసిన పని ఇది.