చివరి వరస నుంచి చదవాలి

పోయిన ఆదివారం పొద్దున్న మా ఇంట్లో నెట్ పోయింది. పూర్తిగా పోయిందంటే అదీ కాదు. రౌటర్ మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి, ఫోన్లో వైఫై గుర్తు నిండుగా ఉంది, కానీ ఒక్క సైటూ తెరుచుకోదు. ఆపరేటరుకి ఫోన్ చేస్తే "ఆపి మళ్ళీ వెయ్యండి సార్" అన్నాడు. నాలుగుసార్లు వేశాను. చివరికి హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి చేశాను. వాడు కంప్యూటర్లో పింగ్ అని కొట్టి 8.8.8.8 వెయ్యమన్నాడు. జవాబు వచ్చింది. అంకెల బదులు సైటు పేరు ఇస్తే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. "దారి బాగానే ఉంది మావయ్యా, చిరునామా చెప్పేవాడే పడుకున్నాడు" అని, రౌటర్లో డీఎన్‌ఎస్ అన్నచోట ఆపరేటరు ఇచ్చింది తీయించి ఆ నాలుగు ఎనిమిదులూ పెట్టించాడు. రెండు నిమిషాల్లో ఇల్లు మళ్ళీ లోకంలో పడింది.

నా పాత పాట మీకు తెలిసిందే: కంపెనీ పెట్టిచ్చిన సెట్టింగు కంపెనీ సుఖానికేగానీ మన సుఖానికి కాదు. ఫ్రిజ్ విషయంలో ఒకసారి, ఇన్వర్టర్ విషయంలో ఒకసారి మీచేత చదివించాను. ఇంకేం, వారమంతా రెచ్చిపోయాను. నా కంప్యూటర్‌కి గూగుల్‌ వాళ్ళ 8.8.8.8 ఎలాగూ ఉంది, అది 2009 నుంచి నడుస్తోంది. మా ఆవిడ ఫోన్‌కి క్లౌడ్‌ఫ్లేర్. వాళ్ళ నంబరు 1.1.1.1. దాన్ని 2018లో నాలుగో నెల ఒకటో తారీకున మొదలెట్టారు, నాలుగు ఒకట్లు కదా అని. టీవీకి 9.9.9.9. మోసాల సైటని తన జాబితాలో ఉన్న పేరు అడిగితే అది జవాబివ్వదు. మావాడి ల్యాప్‌టాప్‌కి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళదే 1.1.1.3, పిల్లలు చూడకూడనివి కూడా ఆపుతుందని. రెండో గడి ఖాళీగా ఎందుకని అందులో 8.8.8.8 పెట్టాను. ఆ రెండోది మొదటిది పంక్చరైతేనే బయటికి తీసే స్టెప్నీ కాదనీ, చాలా కంప్యూటర్లు తోచినప్పుడు దాన్నీ అడుగుతాయనీ తర్వాత తెలిసింది. కంచె వేసి పక్కనే గేటు బార్లా తీసిపెట్టానన్నమాట.

ఇన్ని చేస్తే సినిమా గిరగిర తిరగకుండా వస్తుందనుకున్నాను. రాదు. డీఎన్‌ఎస్ ఇల్లు చూపించేదాకానే, బరువు మోసేది వేరే.

ఇక్కడ మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. ఆయన ఆర్‌ఎమ్మెస్‌లో సార్టరు. రాత్రంతా రైల్లో, తపాలా పెట్టెలో నిలబడి, ఎదురుగా ఉన్న గూళ్ళలోకి ఉత్తరాలు విసరడమే ఆయన ఉద్యోగం. సెలవులకి ఆయన ఇంటికెళ్తే పాత కవర్లిచ్చి ఆట ఆడించేవాడు. నేను శ్రీమతి ఫలానా గారికి అంటూ పైనుంచి మొదలెడితే నెత్తిమీద ఒక్కటి ఇచ్చేవాడు. "పేరు ఎవడిక్కావాల్రా, చివరి వరస చూడు." ముందు ఊరు, ఆ తర్వాతే వీధి. మనిషి అన్నిటికంటే ఆఖర్న. 1972లో పిన్‌కోడు వచ్చాక ఆయనకి అదీ తేలికైంది, మొదటి అంకె అయిదైతే దక్షిణాదిలో ఈ వైపు. కంప్యూటరూ అచ్చంగా అలాగే చదువుతుంది. ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్ అని మనం కొడితే, ముందు చివరి 'ఇన్' ఎవరి కిందికి వస్తుందో కనుక్కుని, అక్కణ్ణించి వెనక్కి నడుస్తుంది. ఒకప్పుడు ఈ పేర్లన్నీ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దగ్గర ఒకే ఒక్క జాబితాలో ఉండేవి. ఊళ్ళు పెరిగాక ఒక్క రిజిస్టరు చాలక, 1983లో పాల్ మాకపెట్రిస్ పనిని ఇలా గూళ్ళుగా పంచాడు.

పెద్దనాన్న ఎవరి ఉత్తరమూ విప్పేవాడు కాదు. మా ఊరి పోస్టుమానూ అంతే. అయినా ఆ పోస్టుమానుకి తెలియని సంగతి ఊళ్ళో లేదు. బొంబాయి కొడుకు నుంచి మనియార్డరు మూడు నెలలుగా రావడం లేదని ఆ తల్లి చెప్పకముందే ఆయనకి తెలుసు. ఎవరింటికి కోర్టు కవర్లు వస్తున్నాయో, ఏ పిల్ల ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతోందో తెలుసు. కవరు మీది రాతే చాలు. డీఎన్‌ఎస్ ఎవరిదో వాళ్ళకి మన ఇల్లు అలాగే తెలుస్తుంది: అర్ధరాత్రి ఏ ఆసుపత్రి పేరు అడిగామో, ఏ పెళ్ళిసంబంధాల సైటు ఎన్నిసార్లు అడిగామో.

అందుకే ఆపరేటరుని వదిలించుకున్నానని మురిసిపోయాను. మేనల్లుడు ఆ మురిపెం కాస్తా తీసేశాడు. మామూలుగా నంబరు మార్చి అడిగే ప్రశ్న కార్డుముక్క లాంటిదట, దారిలో ఎవరైనా చదవచ్చు. ఆ దారి ఆపరేటరుదే. అంటే అంతకుముందు ఒక పోస్టుమాన్ చదివేవాడు, ఇప్పుడు ఇద్దరు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అని ఉంటుంది, అందులో పేరిచ్చి పెడితే కవరుకి జిగురు అంటించినట్టే. అయినా చివరికి ఏ ఇంటి గుమ్మం ఎక్కామో ఆపరేటరుకి కనబడుతూనే ఉంటుంది.

సరే, జిగురైనా అంటిద్దామని మా ఆవిడ ఫోన్లో పేరిచ్చి పెట్టాను. శుక్రవారం ఆవిడ విశాఖలో చెల్లెలింట్లో పెళ్ళిపనులకి వెళ్ళింది. కల్యాణమండపం వైఫై ఆ అతికించిన కవర్లని పోనివ్వలేదు. ఫోన్ మూగబోయింది. చెల్లెలి ఫోన్ నుంచి చేసి, "నా ఫోన్లో ఏం కెలికారండీ?" అంది. చుట్టూ సన్నాయి మోగుతుండగా ఏ మెనూలోకి వెళ్ళి ఏది నొక్కాలో పావుగంట చెప్పాను. 'ఆటోమేటిక్' దగ్గరికి రాగానే పనిచేసింది. అంటే ఫోన్ కంపెనీ మొదట పెట్టిచ్చినదే.

శనివారం కూర్చుని మిగతావీ వెనక్కి తిప్పేశాను. టీవీ, నా కంప్యూటర్, ఆవిడ ఫోన్, అన్నీ రౌటర్ ఏది చెబితే అది. రౌటర్‌కి ఆపరేటరు ఏది చెబితే అది. మావాడి ల్యాప్‌టాప్ ఒక్కటే మిగిలింది, దానికి 1.1.1.3 ఉంచి, రెండో గడిలో ఆ కంపెనీదే 1.0.0.3 పెట్టాను. ఫ్రిజ్ గురించి రాసింది మాత్రం వెనక్కి తీసుకోను.

మళ్ళీ ఏ ఆదివారమైనా ఆ చిరునామా చెప్పేవాడు పడుకుంటే, అప్పుడు నేను ఊళ్ళో ఉండకపోవచ్చు. అందుకని వంటింటి క్యాలెండర్లో, పాల లెక్కకీ గ్యాస్ బండ తారీకుకీ మధ్యన, రౌటర్ పాస్‌వర్డూ, ఎక్కడ నొక్కాలో, 8.8.8.8 అనీ పెన్సిలుతో రాసిపెట్టాను. ఆవిడ ఊరినించి వచ్చి చూసింది. దాని కింద మేనల్లుడి ఫోన్ నంబరు రాసింది.