బూడిద ఊళ్లో చెత్త పాఠం

పనికిరాని వస్తువులతో పనికొచ్చే వస్తువు చేసి తెమ్మని చిన్న తరగతుల పిల్లలకు బడులు పెట్టే పోటీల కాలం ఈ వారం మళ్లీ మొదలైంది. ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అని దేశమంతటా ఒకే పేరుతో పిలిచే ఈ పోటీ ఉద్దేశం మంచిదే అయినా, దాని చుట్టూ అల్లుకున్న ఆచారం మాత్రం ఆ ఉద్దేశానికి ఎదురు నడుస్తోంది. పోటీకి ముందురోజు సాయంత్రం దుకాణానికి వెళ్లి థర్మాకోల్ షీటు, మెరుపు కాగితం, జిగురు, రంగులు కొంటారు. ఇంట్లో ఖాళీ సీసా దొరక్కపోతే కూల్‌డ్రింక్ సీసా కొని, అందులోది గ్లాసుల్లోకి ఒంపి మరీ దాన్ని ఖాళీ చేస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా తల్లో తండ్రో కూర్చుని దానితో పూలకుండీ తయారుచేస్తే, తెల్లవారాక పిల్లవాడు దాన్ని జాగ్రత్తగా బడికి మోసుకుపోతాడు. ప్రదర్శన ముగిశాక ఆ పూలకుండీ చేరేది చెత్తకుప్పకే, కాకపోతే జిగురూ రంగూ పట్టి ఉన్నందువల్ల పాత సామాన్ల వ్యాపారి కూడా దాన్ని తూకానికి తీసుకోడు. కరిగించి మరో వస్తువు చేయడానికి పనికొచ్చే సీసాను ఎందుకూ కొరగాకుండా చేయడమే ఆ పోటీ వల్ల జరిగిన పని అవుతోంది.

తగ్గించడం, తిరిగి వాడడం, రీసైకిల్ చేయడం అనే మూడింటికీ ఒక వరుస ఉందనీ, ఆ వరుస తప్పితే మిగిలేది తంతు మాత్రమేననీ ఈ శీర్షిక ఎన్నోసార్లు మొరపెట్టుకున్న సంగతి పాఠకులకు తెలిసిందే. తగ్గించడం అంటే అవసరం లేని వస్తువును అసలు ఇంట్లోకి రానివ్వకపోవడం. తిరిగి వాడడం అంటే వచ్చిన వస్తువును దాని రూపం చెడగొట్టకుండా పదికాలాల పాటు పనిలో ఉంచడం. రీసైక్లింగ్ అంటే ఇక ఆ రూపంలో పనికిరాని వస్తువును కరిగించో నలిపో కొత్త వస్తువుకు ముడిసరుకుగా మార్చడం. మూడోదానికి రవాణా కావాలి, యంత్రం కావాలి, నీరూ కరెంటూ కావాలి, అన్నిటికీ మించి తయారైన సరుకును కొనేవాడు కావాలి. అందుకే అది చివరి మెట్టు. బడులు మాత్రం ప్రదర్శనకు అనువుగా ఉంటుందని చివరి మెట్టు మీదే పిల్లలను నిలబెడుతున్నాయి.

తెలుగు ఇళ్లల్లో రెండో మెట్టుకు నిన్నమొన్నటిదాకా లోటు ఉండేది కాదు. వేసవి సెలవుల్లో పాత నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన కాగితాలను వేరుచేసి, అంచులు సరిచూసి, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, పురికొసతో కుట్టి, దినపత్రిక కాగితంతో అట్ట వేస్తే మరుసటి ఏడాదికి చిత్తు పుస్తకం సిద్ధమయ్యేది. ఆ పనిలో పిల్లల చేతులూ పడేవి కనుక, ఒక్కో పుస్తకంలో ఎన్ని కాగితాలు వృథాగా మిగిలాయో వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసేది. కూరగాయల తొక్కలూ బియ్యం కడిగిన నీళ్లూ కుడితి తొట్టిలోకి, నలిగిన చీరలు బొంతలోకి, పొయ్యి బూడిద కొబ్బరిపీచుతో కలిసి అంట్లు తోమడానికి పోయేవి. వీటిని తలుచుకుని పాతకాలమంతా బంగారమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు, ఎందుకంటే ఆ పొదుపులో చాలా భాగం లేమి నేర్పినది, దాని బరువు ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. అయినా ఇంటి బూడిదకు ఒక ఉపయోగం ఉండేదన్న మాట థర్మల్ కేంద్రం బూడిద మధ్య బతికే శక్తినగర్ గురించి ఆలోచించేటప్పుడు దాటిపోవడానికి వీల్లేనిది.

రాయచూరు జిల్లాలో, కృష్ణానది ఒడ్డున, దేవసూగూరు పక్కన వెలసిన శక్తినగర్ కరెంటు కోసమే పుట్టిన ఊరు. కర్ణాటక పవర్ కార్పొరేషన్‌కు చెందిన రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడ 1985లో తొలి యూనిట్‌తో ఉత్పత్తి మొదలుపెట్టి, క్రమంగా ఎనిమిది యూనిట్లతో 1720 మెగావాట్ల స్థాపిత సామర్థ్యానికి ఎదిగింది. 1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగా ఉండడం వల్లా, నది దాటితే వచ్చే కృష్ణా రైల్వేస్టేషన్ నేడు తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో ఉండడం వల్లా, ఈ ప్రాంతంలో చాలామందికి తెలుగు పొరుగు భాష కాదు, ఇంటి భాష. బడిలో ‘హసి కస, ఒణ కస’ అని నేర్చుకునే పిల్లలు ఇంటికొచ్చి తడి చెత్త, పొడి చెత్త అని అమ్మకు చెబుతారు. ఇక్కడి బాయిలర్లలో మండే బొగ్గులో కొంత సింగరేణి గనుల నుంచి వస్తుంది కాబట్టి, తెలుగు నేల బొగ్గు కన్నడ నేల మీద కాలి, మిగిల్చిన బూడిద ఇక్కడే ఉండిపోతుంది.

ఆ బూడిద ఎంతో తెలిస్తేనే చెత్త పాఠానికి అర్థం వస్తుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు అటూఇటూగా బూడిదే ఉంటుంది. నేలలో బొగ్గు ఏర్పడేటప్పుడే దానితో కలిసిపోయిన మట్టి, ఖనిజాల శేషం అది. కరెంటు బిల్లులో ‘యూనిట్’ అని రాసేది ఒక కిలోవాట్ గంట విద్యుత్తు. దాన్ని పుట్టించడానికి ఇలాంటి కేంద్రంలో సుమారు 700 గ్రాముల బొగ్గు కాల్చాలి, అంటే దాదాపు పావుకిలో బూడిద మిగులుతుంది. అన్ని యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో నడిచే గంటలో 17 లక్షల 20 వేల యూనిట్ల విద్యుత్తు పుడితే, ఆ గంటలోనే 400 టన్నులకు పైగా బూడిద పుడుతుంది. బరువైన బూడిద బాయిలర్ అడుగున పడుతుంది. దానికంటే ఎన్నోరెట్లు ఎక్కువగా ఉండే సన్నని బూడిద, ఫ్లై యాష్ అని పిలిచేది, పొగతో పాటు పైకి లేస్తుంది. పొగగొట్టానికి చేరేలోపే దాన్ని విద్యుదావేశంతో లోహపు పలకలకు అంటుకునేలా చేసి రాల్చి పట్టే పరికరాన్ని ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అంటారు. పట్టిన బూడిదను కొనేవాడు లేని కాలంలో నీళ్లతో కలిపి చెరువులాంటి గుంటల్లోకి వదిలేవారు. ఆ గుంటలు ఎండితే గాలికి దుమ్ము లేస్తుంది, నిండితే భూగర్భ జలానికి బెడద. పొయ్యి బూడిదలా దీనితో గిన్నెలు తోమడానికి వీల్లేదు, ఎందుకంటే ఇందులో సిలికా, అల్యూమినాలతో పాటు భార లోహాలూ ఉంటాయి, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని.

అలాంటి బూడిద ఇప్పుడు గోడగా నిలబడుతోందంటే దానికి కారణం ఒక రసాయన గుణం. ఫ్లై యాష్‌లోని సిలికా, అల్యూమినా సున్నంతో, నీటితో కలిసినప్పుడు మెల్లగా గట్టిపడి సిమెంటు లాంటి బంధాన్ని ఇస్తాయి. ఈ గుణానికి పొజొలానిక్ గుణమని పేరు. పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ కలపడానికి భారతీయ ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఫ్లై యాష్, సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చే పని లేకుండా నీటితో తడిపి ఆరబెట్టే ఇటుకను ‘ఫాల్‌జి’ పేరుతో రూపొందించారు. మట్టి ఇటుక కోసం పొలం పైమన్ను తవ్వి కాల్చే దేశంలో ఇద్దరు తెలుగు పరిశోధకులు చేసిన ఈ పనికి రావలసినంత పేరు రాలేదనే చెప్పాలి. అయితే విద్య ఉన్నంత మాత్రాన బూడిద కదల్లేదు. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటన జారీచేసి, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల పరిధిలోని ఇటుక బట్టీలు మట్టిలో బూడిద కలపాలని విధించింది. ఆ పరిధిని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచింది. 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన బూడిదను నూటికి నూరుపాళ్లు వాడకానికి పంపే బాధ్యతను కేంద్రాల మీదే పెట్టి, తప్పితే టన్నుకు వెయ్యి రూపాయల చొప్పున పరిహారం నిర్ణయించింది. చట్టం, రవాణా, కొనుగోలుదారు కలిసినప్పుడే రీసైక్లింగ్ నడుస్తుందనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఈ చుట్టుపక్కల లేదు.

ఇటుకగా మారినా బూడిద వెనక కాలిన బొగ్గు తిరిగి రాదు, దాని పొగ ఆకాశం నుంచి దిగిరాదు. అందుకే శక్తినగర్‌లో తగ్గించడం అనే మొదటి మెట్టును తూకం వేసి చూపించవచ్చు. 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ఖాళీ గదిలో సుమారు 13 గంటలు తిరిగితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. నాలుగో తరగతి పిల్లల ముందు తక్కెడ పెట్టి, అసలు బూడిద ముట్టుకోనివ్వకుండా దానికి బదులు పావుకిలో ఇసుక తూచి, ఆ ఇసుకను ఒక డబ్బాలో పోసి, ఇంట్లో మీటరు ఒక్కో యూనిట్ తిరిగినప్పుడల్లా మరో పావుకిలో చేర్చమంటే, నెల తిరిగేసరికి డబ్బా చాలదు, గోనెసంచి కావాలి. వంద యూనిట్లు వాడే ఇంటికి అది పాతిక కిలోలు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక్కడిదాకా వచ్చిన ఆలోచన, మొదటి మెట్టే మొదటి పాఠం కావాలనీ, చేతిపనుల పోటీలను బడి నుంచి పంపేయాలనీ తేల్చడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ శీర్షిక చాలాకాలంగా వాదించినదీ అదే. కానీ తక్కెడ పాఠం తొమ్మిదేళ్ల పిల్లలకు పట్టుబడుతుంది గానీ ఐదేళ్ల పిల్లలకు కాదన్న సంగతి ఆ వాదాన్ని నిలదీస్తుంది. తగ్గించడం అంటే జరగకుండా ఆగిన పని. కొనకుండా వదిలేసిన సీసా పసిపిల్లల కంటికి ఆనదు, చేతికి అందదు. పైగా ఇంట్లో ఏది కొనాలో నిర్ణయించేది వాళ్లు కాదు. పెద్దలు కొనే వస్తువులకు పిల్లలను జవాబుదారులను చేసి, ‘మీరు భూమిని కాపాడాలి’ అని బరువు మోపడం న్యాయం కాదు. తగ్గించడంతో మొదలయ్యే వరుస పెద్దలకు సరైనది. చిన్న తరగతుల్లో అదే వరుసను తలకిందులుగా నడపక తప్పదు. ప్రభుత్వం కూడా 1999లో మొదలుపెట్టింది కళ్లెదుట గుట్టపడిన బూడిదతోనే కదా. పెద్దలకు దక్కిన ఆ వెసులుబాటు పిల్లలకు లేదనడం సబబు కాదు.

చేతికి అందే చెత్తతో మొదలుపెట్టే బడులు లేకపోలేదు. బెంగళూరులోని హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్ర అనే చోట తడి చెత్తను ఎరువుగా మార్చే పద్ధతులను కుండీలూ గుంటలూ చూపించి నేర్పుతారు; ఆ నమూనాతోనే తెలంగాణలోని సిద్దిపేటలో ‘స్వచ్ఛ బడి’ వెలసి, పిల్లలకూ పెద్దలకూ చెత్త వేరుచేయడం, ఎరువు తయారుచేయడం పాఠాలుగా చెబుతోంది. కన్నడ ఊరి నుంచి తెలుగు ఊరికి పోయిన ఈ పాఠం రెండు భాషలూ వినబడే శక్తినగర్‌కు రాకపోవడానికి తగిన కారణం ఏమీ లేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరం అని మూడు రకాలుగా ఇంట్లోనే వేరుచేయాలని విధించాయి. అరటితొక్క ఎటు, బిస్కట్ రేపర్ ఎటు, అయిపోయిన టార్చి సెల్లు ఎటు అన్నది ఐదేళ్ల పిల్లలకు ఆటగానే వస్తుంది. తొక్క వేసిన కుండీని కొన్ని వారాల తరువాత తిరగేసి, అది నల్లని మట్టిగా మారడం చూసినవారికి మారడం అనే మాటకు అర్థం కళ్లముందు ఉంటుంది. అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్‌ట్యూబు ముక్కలూ కలిపి అరవింద్ గుప్తా రూపొందించిన బొమ్మలు కూడా ఈ కోవలోనివే. వాటిని అలంకారానికి అలమారలో పెట్టరు, విరిగేదాకా ఆడుకుంటారు, విరిగితే మళ్లీ చేస్తారు. పూలకుండీ పోటీలో లేనిది ఆ వాడకమే.

కనుక పోటీలను మానేయమని అడగడం తగదు, వాటి నిబంధనలు మార్చమని అడగాలి. శక్తినగర్, రాయచూరు బడుల ప్రధానోపాధ్యాయులకు ఈ శీర్షిక చేసే విన్నపం ఇదే: ఈసారి పోటీకి ఒక్క వస్తువు కూడా కొత్తగా కొనకూడదనీ, పెద్దల చేయి పడకూడదనీ నియమం పెట్టండి, వచ్చిన వస్తువులను ఆ రోజే తిరిగి ఇళ్లకు పంపించండి, బహుమతిని మాత్రం ఆరు నెలలు ఆగి, ఆనాటికీ ఇంట్లో వాడుకలో ఉన్న వస్తువుకే ఇవ్వండి.