ఇంకో ప్లేటు వేద్దామా సార్?

పాత అంబాసిడర్ వెనక్కి కూలబడిందని ఏ షెడ్డుకి తీసుకెళ్లినా ముందు వినిపించేది ఈ ప్రశ్నే. మద్రాసు కోడంబాక్కం అయినా విజయవాడ ఆటోనగర్ అయినా తేడా ఉండదు. మెకానిక్ బండి కింద దూరడు కూడా. వెనక బంపర్ మీద కాలు పెట్టి రెండుసార్లు ఊపి, "కమాన్ కట్టలు వీకైపోయినై" అంటాడు. కమాన్ కట్ట అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు ప్లేట్ల స్ప్రింగు. మనం తలూపుతాం. ప్లేటు పడుతుంది, బండి లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. తర్వాత వచ్చే మొదటి వానలో, మొదటి మలుపులో, వెనక చక్రాలు మన మాట వినడం మానేస్తాయి.

ఈ అలవాటుకి కోడంబాక్కంలో న్యాయమైన కారణమే ఉండేది. తెలుగు సినిమా ఇక్కడ కాపురమున్న రోజుల్లో తెల్లారేసరికి కంపెనీ కార్లు బయల్దేరేవి. ఒకటి వాహిని స్టూడియోకి, ఒకటి ఏవీఎమ్‌కి, ఒకటి సాలిగ్రామంలో భరణికి. డిక్కీలో మేకప్ పెట్టె, కాస్ట్యూమ్స్ ట్రంకు; వెనక సీట్లో నలుగురు, ముందు ముగ్గురు. అంత బరువు రోజూ మోసే కారుకి ప్లేటు చేర్చకపోతే టైరు వెళ్లి మడ్‌గార్డుకి రాసుకుంటుంది. ఆ సినిమా హైదరాబాద్ వెళ్లిపోయింది. మిగిలిన అంబాసిడర్లు ఆదివారం పూట భార్యాభర్తల్ని ఎక్కించుకుని టిఫిన్‌కి వెళ్లొస్తున్నాయి. బరువు పోయింది, ప్లేటు ఉండిపోయింది.

నా మార్క్ 3 అంబాసిడర్ కూడా అలాంటిదే. నాకంటే ముందున్నవాళ్లెవరో వేయించిన అదనపు ప్లేటుతోనే నా చేతికొచ్చింది. దాన్ని తీసేయమంటే మా గూడూరు మెకానిక్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఉన్నదాన్ని తీసేయమంటారేంది సార్, దిగిపోద్ది గదా!" దిగిపోవాలనే నా కోరిక కూడా.

అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో దాన్ని తయారుచేస్తూ వచ్చారు. దాని వెనక ఇరుసుని పట్టి ఉంచేవి రెండు కమాన్ కట్టలే, వేరే లింకులేవీ లేవు. కారు బరువు మోసేదీ, ఇరుసు అటూ ఇటూ జరక్కుండా ఆపేదీ, క్లచ్ వదిలినప్పుడూ బ్రేకు తొక్కినప్పుడూ ఇరుసు మెలితిరక్కుండా అడ్డుకునేదీ అవే. అందుకే వాటి మీద ఏ చిన్న మార్పు చేసినా స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలనే అయినా మలుపులో కారు నడతలో సగం వెనక నుంచే వస్తుంది.

షెడ్డుల్లో కలిపేసే రెండు విషయాలున్నాయి: వంపు, గట్టితనం. వంపు కారు ఎంత ఎత్తున నిలబడాలో చెబుతుంది. గట్టితనం మందాన్ని బట్టి, పొడవుని బట్టి ఉంటుంది. మందం విషయంలో లెక్క కాస్త క్రూరమైనది, ఘనం చొప్పున పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల ప్లేటు స్థానంలో 7 మిల్లీమీటర్లది పెడితే ఆ ఒక్క ప్లేటు గట్టితనం దాదాపు 60 శాతం పెరుగుతుంది. జీపుదో వ్యాన్‌దో పాత ప్లేటు కత్తిరించి కట్టలోకి దూర్చేటప్పుడు మన షెడ్డుల్లో వెడల్పు చూస్తారు, పొడవు చూస్తారు. మందం కొలిచే కాలిపర్ బయటికి తీసినవాణ్ణి నేను అరుదుగా చూశాను.

కూలబడ్డ కట్టకి పోయింది వంపు. గట్టితనం ముప్పాతిక మూడొంతులు అలాగే ఉంటుంది. దానికి ప్లేటు చేర్చడమంటే లేని రోగానికి మందు వేయడం. వెనక గట్టిపడితే మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి వైపు వెనక టైరు మీదే ఎక్కువ భారం పడుతుంది, లోపలి టైరు తేలికవుతుంది. రెండూ కలిసి పట్టే పట్టు తగ్గిపోతుంది. పొడి రోడ్డు మీద ఇది తెలియదు. నవంబర్ వానలో, నూనె మరకలున్న తారు మీద తెలుస్తుంది.

ఇంతకన్నా తక్కువమంది గమనించేది మరొకటుంది. కమాన్ కట్ట ముందు కొస బాడీకి కదలకుండా బిగించి ఉంటుంది, వెనక కొస షాకిల్ అనే ఊగే ముక్క మీద ఊగుతుంది. మలుపులో బయటి వైపు కట్ట అణిగి చదునవుతూ పొడవు సాగుతుంది, ఆ వైపు చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది. లోపలి వైపు కట్ట వంపు పెరిగి, అటు చక్రం ముందుకొస్తుంది. అంటే ఇరుసు తనంతట తానే కొద్దిగా తిరుగుతుంది, అదీ కారు తోక బయటికి పోయే దిశలో. వంపు ఎంత ఎక్కువుంటే ఈ తిరుగుడు అంత ఎక్కువ. మామూలు బరువుతో దాదాపు చదునుగా నిలిచే కట్టలో ఇది లేనట్టే. ధనుస్సులా వంగి, వెనక భాగాన్ని ఎత్తి చూపించే కట్టకి షెడ్డులో అందరూ ముచ్చటపడతారు. తిరుమల నుంచి 1944 నాటి ఘాట్ రోడ్డు మీదుగా అలాంటి కట్టతో కిందికి దిగినవాళ్లకి మాత్రం ఆ ముచ్చట ఉండదు.

మద్రాసులోనే పుట్టిన కారు సంగతి ఇంకా విచిత్రం. వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్‌కి వెనక కమాన్ కట్ట ఒక్కటే, అదీ అడ్డంగా, డిఫరెన్షియల్ మీద పడుకుని ఉంటుంది. దాని రెండు కొసలకీ రెండు చక్రాలు. ఇరుసు రెండు ముక్కలై రెక్కల్లా పైకీ కిందికీ ఊగుతుంది. గట్టిగా మలుపు తీసుకున్నప్పుడు వెనక భాగం పైకి లేస్తే బయటి చక్రం కాలి మడమ మెలిపడ్డట్టు లోపలికి ముడుచుకుంటుంది. ఇక ఆ కారు ఏ పక్కకి పోతుందో దానికే తెలియాలి. అమెరికాలో ఇలాంటి ఊగే ఇరుసుతోనే షెవర్లే కోర్వేర్ అపఖ్యాతి పాలైంది. కార్ల భద్రత మీద రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం దాని మీదే. అప్పటికే 1964 మోడల్‌కి షెవర్లేవాళ్లు వేసిన విరుగుడు ఏమిటనుకున్నారు? అడ్డంగా ఒక కమాన్ కట్ట!

హెరాల్డ్‌కి కొత్త కట్ట, నిండు వంపుతో వేయిస్తే చక్రాల పైభాగాలు బయటికి వాలి, ప్రమాదం ఇంకా దగ్గరవుతుంది. కొద్దిగా దిగిన కట్టతో, చక్రాల పైభాగాలు ఒక పిసరు లోపలికి వాలినప్పుడే అది రోడ్డుని బాగా పట్టుకుంటుంది. ఇంగ్లండులో ఈ కుటుంబానికే చెందిన స్పిట్‌ఫైర్‌లో ఈ చక్రం ముడుచుకునే జబ్బుకి 1970లో తెలివైన మందు కనిపెట్టారు. కట్టలో ఒక్క ప్లేటుని మాత్రమే బిగించి, మిగతావాటిని మధ్యలో స్వేచ్ఛగా ఊగనిచ్చారు. బరువు మోసే గట్టితనం పోలేదు, ఒరుగుడుని ఎదిరించే గట్టితనం తగ్గింది. ఆ తగ్గినది ముందు వైపు లావుపాటి యాంటీరోల్ బార్‌తో పూడ్చారు. అంటే వెనక భాగాన్ని మెత్తబరిచి కారు నడతని బాగుచేశారు. మనవాళ్లు అంత దూరం పోలేదు. 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కి ఊగే ఇరుసు తీసేసి ఒకే ముక్కగా ఉండే మామూలు ఇరుసు పెట్టేశారు. మన రోడ్లకీ మన మెకానిక్కులకీ అదే మేలని నా అభిప్రాయం కూడా.

మళ్లీ నా అంబాసిడర్‌కి వస్తాను. అదనపు ప్లేటు తీసేసి మిగతావాటి వంపు సరిచేయించడానికి కట్టల్ని విప్పించి మద్రాసు పుదుపేట సందుల్లో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన మొదట సిమెంటు నేల మీద మెయిన్ ప్లేటు పెట్టి దాని అంచు వెంబడి సుద్దతో గీత గీశాడు. పక్కన కావలసిన వంపుతో మరో గీత. తర్వాత గుంటపడ్డ దిమ్మె మీద ప్లేటు ఆనించి, మధ్య నుంచి కొసకి, బెత్తెడు బెత్తెడు జరుపుతూ సమ్మెటతో కొట్టాడు. నాలుగు దెబ్బలు, ఒకసారి సుద్దగీత మీద పెట్టి చూడటం. మళ్లీ నాలుగు దెబ్బలు. నిప్పు మాట ఎత్తలేదు. ఎర్రగా కాల్చి వంచితే ఉక్కు పదును పోతుంది, మళ్లీ నూనెలో ముంచి పదును పెట్టే ఏర్పాటు లేనివాడు కాల్చకూడదు. గ్యాస్ మంటతో కట్ట వంచే షెడ్డు కనిపిస్తే మీ బండి మీరు వెనక్కి తెచ్చుకోండి.

అంతకన్నా ముఖ్యమైనది ఆయన ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు చూశాను. పొట్టి ప్లేటుకి పొడుగు ప్లేటు కంటే కొంచెం ఎక్కువ వంపు పెడతాడు. బోల్టు బిగించకముందు రెండిటి మధ్యా నడుమ భాగంలో సన్నగా వెలుతురు కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగించగానే ఆ సందు మూసుకుని, కొసలు పై ప్లేటుని గట్టిగా అదుముతాయి. ఈ అదుము లేని కట్టలో మెయిన్ ప్లేటు మీదే ఎక్కువ భారం పడి, ముందు అదే విరుగుతుంది. మెషిన్‌లో వచ్చిన కొత్త కట్ట కొన్నా ఈ సందులు చూసే కొనాలి.

ప్లేట్ల మధ్య తుప్పుంటే అవి జారవు. దొరైస్వామి సబ్‌వేలో మోకాలి లోతు నీళ్లు నిలిచే మద్రాసులో తుప్పుకి కొదవేముంది? జారని కట్ట చిన్న గతుకులకి రాయిలా ఉంటుంది, మనం దాన్ని గట్టితనం అనుకుంటాం. విప్పి, బ్రష్షు కొట్టి, గ్రాఫైట్ గ్రీజు రాస్తే సగం కార్లకి కొత్త కట్టల అవసరం ఉండదని నా నమ్మకం. బుష్‌లూ షాకబ్జార్బర్లూ అరిగిపోయి ఉంటే ఎంత మంచి కట్టయినా ఏమీ చేయలేదు. వాటి పని ముందు చూడాలి.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. చదునైన చోట కారు నిలిపి, వెనక భాగాన్ని రెండుసార్లు ఊపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవండి. వెనక ఇరుసుకి సరిగ్గా పైన 25 కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టి, మళ్లీ ఊపి, మళ్లీ కొలవండి. రెండు పక్కలా ఒక సెంటీమీటరు దిగితే ఒక్కో కట్ట గట్టితనం మిల్లీమీటరుకి రెండున్నర కిలోలన్నమాట. డ్రైవర్ వైపు ఎక్కువ దిగి ఉండటం పాత కార్లలో మామూలే. అప్పుడు ఆ ఒక్క కట్టకి ప్లేటు చేర్చకుండా, రెండిటినీ కలిపి సరిచేయించండి.

బిగించే రోజున షెడ్డు దగ్గరే ఉండండి. రబ్బరు బుష్‌ల బోల్టులు కారు జాకీ మీద ఉండగా బిగించకూడదు, చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి నెలల్లో చిరుగుతుంది. కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవి కొనండి, సాగిన పాతవి మళ్లీ వాడొద్దు. కొత్తవి కూడా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వదులవుతాయి. అప్పుడు ఒకసారి మళ్లీ బిగించకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు ముందుకో వెనక్కో జరగొచ్చు.