ముందు తలుపుల నాదం

కారు ముందు తలుపులో, మోకాలి పక్కన, నల్లటి జాలీ వెనక కూర్చున్న ఆరున్నర అంగుళాల స్పీకరూ, నీకు దండం.

బండి కొనేటప్పుడు నీ గురించి ఎవరూ అడగరు. మైలేజీ అడుగుతారు, ఆన్‌రోడ్ రేటు అడుగుతారు, సీటు కవర్లూ మ్యాట్లూ ఊరికే ఇస్తారా అని బేరమాడతారు. అడగని వస్తువు మీద కంపెనీ మాత్రం ఎందుకు ఖర్చు పెడుతుంది? పలచటి కాగితపు కోను, ప్లాస్టిక్ చట్రం, వెనకాల ఉందా లేదా అన్నంత మ్యాగ్నెట్. చాలా బండ్లలో పై స్వరాలు పలికే ట్వీటర్ ఊసే ఉండదు. బేస్ మోడల్ అయితే ఒక్కోసారి నువ్వూ ఉండవు, నీ చోట ఉత్త జాలీ, దాని వెనక వైరు కొస. అయినా ఆ కాగితం ముక్క మీదే మనవాళ్లు ఘంటసాలను విన్నారు, సుశీలను విన్నారు, తెల్లవారుజామున తిరుమల ఘాట్ రోడ్డెక్కుతూ సుప్రభాతం విన్నారు. నీ శక్తికి మించిన పని నీకు అప్పగించారు. నువ్వు గరగరలాడుతూనే చేసుకొచ్చావు.

ఇప్పుడు నిన్ను మార్చాలనుకున్నవాడి దగ్గర పదివేలు ఉన్నాయనుకుందాం. లక్ష ఉన్నవాడి సంగతి వేరు, అతనికి కేటలాగు చాలు, ఈ స్తోత్రం అక్కర్లేదు. పదివేలవాడే ప్రతి నోటూ తిప్పి చూసుకుంటాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు అని లెక్క వేసుకుంటాడు. సంగీతం గురించి అతను చేసినంత ఆలోచన లక్షలవాడు చేయడు.

షాపు ముందు బండి ఆపగానే చెవిన పడేది వాట్ల మాట. "అన్నా, ఈ సెట్టు పెట్టిస్త, గల్లీ మొత్తం అదిరిపోతది" అంటాడు కుర్రాడు. డిక్కీలో కూర్చోబెట్టే డబ్బా మీద వెయ్యి వాట్లని రాసి ఉంటుంది. స్టీరియో ముఖం మీద నాలుగు యాభైలు రాసి ఉంటాయి. అవి అమ్మకానికి రాసుకున్న అంకెలు. ఇంజను తిరుగుతున్నప్పుడు కారులో నడిచే కరెంటు 14 వోల్టుల పైచిలుకు, స్పీకరు 4 ఓమ్‌లు. స్టీరియో లోపలి చిన్న చిప్పు ఆ వోల్టులను ఎంత పిండినా, గొంతు పగలకుండా ఒక్కో స్పీకరుకు ఇవ్వగలిగేది ఇరవై వాట్లకు అటూ ఇటూ. అంతకు మించి కావాలంటే విడిగా యాంప్లిఫయర్ పెట్టుకోవాల్సిందే.

ఓ ఇరవై వాట్లూ, మీకూ నమస్కారం. మిమ్మల్ని తక్కువ చేసి చూసేవాళ్లకు చెవి లెక్క తెలియదు. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు వినిపించినట్టు అనిపించాలంటే పది రెట్ల వాట్లు పోయాలి. అందుకే తెలిసినవాడు డబ్బా వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉండే సెన్సిటివిటీ అంకె, అంటే ఒక వాటుకు ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో, చూస్తాడు. 87 ఉన్నదాన్ని పక్కన పెట్టి 90 ఉన్నదాన్ని పట్టుకుంటాడు. ఆ మూడు డెసిబెల్స్ తేడాతో అదే స్టీరియో రెండింతల వాట్లు వచ్చినట్టు పాడుతుంది, పైసా అదనంగా అక్కర్లేదు.

కానీ స్పీకరు కన్నా ముందు తలుపును తలచుకోవాలి. వాద్యమంటే తలుపే. కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, అదే క్షణాన వెనకున్న గాలిని లాగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి చేరకూడదు. తలుపు లోపలి రేకుకేమో, గాజు మోటారు బిగించడానికని, చేయి పట్టడానికని, పెద్ద పెద్ద కంతలుంటాయి. వెనక గాలి ఆ కంతల్లోంచి జారి వచ్చి ముందు గాలిని కలుస్తుంది. కలిసిన చోట మంద్ర స్వరాలు మాయమవుతాయి. మృదంగం ఎడమ చేతి దెబ్బ వినపడక, కుడి చేతిది మాత్రమే టకటకమంటుంటే ఆ తప్పు వాయించినవాడిదీ కాదు, స్పీకరుదీ కాదు. కంతలది.

ప్యానెల్ ఊడదీసేవాడి చేతులు చూడాలి. హ్యాండిల్ గుంటలో మూత కింద దాగిన స్క్రూతో మొదలుపెడతాడు. తర్వాత కింది అంచున ప్లాస్టిక్ బద్ద దూర్చి నెమ్మదిగా ఎత్తుతాడు. ఒక్కో క్లిప్పూ టప్పున వదులుతుంది. ఒకటో రెండో విరుగుతాయి, వాటి బదులు జేబులో ముందే కొత్తవి ఉంటాయి. లోపల పలచటి ప్లాస్టిక్ కాగితం, దాని చుట్టూ ఎండకు మెత్తబడిన నల్లటి జిగురు. అది వేళ్లకు అంటితే పెట్రోలు గుడ్డకు తప్ప లొంగదు. కాగితం తీశాక బయటి రేకు కనిపిస్తుంది. చేయి లోపలికి పెట్టి మెటికతో కొడితే డంగుమని చాలాసేపు మోగుతుంది. దుమ్ము తుడిచి, వెనక అల్యూమినియం పొరున్న బ్యూటైల్ రబ్బరు షీటు అంటించి, చిన్న రోలరుతో గాలి బుడగ లేకుండా ఒత్తుతాడు. మళ్లీ కొడతాడు. ఈసారి టక్‌మని ఊరుకుంటుంది.

మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దుతాడు. చర్మం బరువెక్కి, గొంతు కిందికి దిగి, గంభీరంగా పలుకుతుంది. తలుపుకు బ్యూటైల్ చేసే ఉపకారం దానికి దగ్గరి చుట్టమే. రేకుకు బరువు ఇస్తుంది, రబ్బరు ఆ వణుకును వేడిగా మార్చి తనలోనే దిగమింగుకుంటుంది. లోపలి రేకు కంతలు కూడా మూసేస్తే తలుపు మొత్తం ఒక పెట్టె అవుతుంది, పాత కాగితపు స్పీకరు కూడా ఉలిక్కిపడి కొత్త గొంతుతో పాడుతుంది. చవగ్గా వస్తుందని పైకప్పులకు వేసే తారు షీటు అంటించేవాళ్లున్నారు. రెంటచింతల ఎండలో ఆ తారు కరిగి కారుతుంది, బండంతా రోడ్డు పని జరుగుతున్న వాసన. ఇంకొక్క మాట: తలుపు అడుగు అంచున నీళ్లు పోయే సన్నని రంధ్రాలుంటాయి. మూయకూడదు. వానాకాలం గాజు సందులోంచి దిగిన నీళ్లకు అదొక్కటే దారి.

ఇక కొత్త స్పీకరూ, నీ వంతు. నీలో రెండు కులాలున్నాయంటారు, కోయాక్సియల్ అనీ కాంపొనెంట్ అనీ. ఒకదానిలో ట్వీటర్ కోను నడుమనే కూర్చుంటుంది. రెండోదానిలో విడిగా అద్దం మూలకో ముందు స్తంభానికో ఎక్కుతుంది, క్రాసోవర్ అనే చిన్న పెట్టె పై స్వరాలను ట్వీటర్‌కు, కింది స్వరాలను కోనుకు పంచుతుంది. డబ్బు సరిపోతే నా ఓటు రెండోదానికే. పై స్వరాలు సూటిగా పోయే రకం, మోకాలు అడ్డొస్తే అక్కడే ఆగిపోతాయి. ట్వీటర్ పైకెక్కిందంటే, అంతవరకూ పాదాల దగ్గర పడున్న పాట లేచి డ్యాష్‌బోర్డు మీద నిలబడుతుంది. కళ్లెదుట, అద్దానికి అవతల, ఎవరో కచేరీ పెట్టినట్టు.

ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్లూ, నీ మేలు ఎవరూ చెప్పుకోరు. తలుపులోని రెండు వైర్లలో ఏది ప్లస్సో రంగు చూసి నమ్మడానికి లేదు. సెల్లు ప్లస్సు ఒక వైరుకూ మైనస్సు రెండో వైరుకూ క్షణం తాకిస్తే కోను చటుక్కున బయటికి వస్తుంది, లేదా లోపలికి పోతుంది. బయటికి వస్తే ప్లస్సుకు ప్లస్సు కుదిరినట్టు. ఒక తలుపులో సరిగా, ఇంకో తలుపులో తిరగేసి కలిపితే, ఒక కోను నెడుతుంటే రెండోది లాగుతుంటుంది, బేస్ రెండింటి మధ్యా చచ్చిపోతుంది. ఎంతో డబ్బు పోసి కూడా "సౌండు పలచగా ఉంది" అని మొత్తుకునే బండ్లలో కొన్నింటికి ఈ పది రూపాయల సెల్లే వైద్యుడు.

ఇళయరాజా బేస్ గిటారూ, నువ్వు కొంచెం ఓపిక పట్టాలి. నీ అట్టడుగు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ఆరున్నర అంగుళాల కోనుకు అరవై డెబ్బై దాటి కిందికి దిగడమే గగనం. బలవంతంగా దింపితే మిగతా పాటంతా బురదవుతుంది. అందుకే స్టీరియో సెట్టింగుల్లో కింది స్వరాలను ఆపే హైపాస్ 80 దగ్గర పెట్టి తలుపుల మీంచి ఆ బరువు దించేస్తారు. వచ్చే దసరాకో ఆ పై సంక్రాంతికో సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల వూఫర్ వచ్చినప్పుడు నువ్వు నిండుగా వద్దువు. అప్పుడు దాని యాంప్లిఫయర్ కోసం బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. అది లేని వైరు ఎక్కడైనా రేకుకు రాసుకుంటే వచ్చేది పాట కాదు, పొగ.

కోఠి గుజరాతీ గల్లీలో, విజయవాడ ఆటోనగర్‌లో ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. పేరున్న కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చిన డబ్బాలూ బజారులో ఉన్నాయి. వైరు కొస గోటితో గీకితే ఎర్రటి రాగి పూత కింద తెల్లటి అల్యూమినియం బయటపడే సరుకూ ఉంది. కంపెనీ వైరింగ్‌ను కత్తెరతో కోసి టేపు చుట్టేవాడి దగ్గర్నుంచి తాళం వెనక్కి తీసుకోవడమే మేలు. బండికి సరిపోయే కప్లర్ కొద్ది వందలకు దొరుకుతుంది. కోత లేకపోతే రేపు బండి అమ్మేటప్పుడు పాతది పాతదిగా పెట్టుకోవచ్చు, వారంటీ దగ్గర పేచీ వచ్చే అవకాశం తక్కువ.

అన్నీ బిగించాక కుర్రాడు అదిరిపోయే పాట పెట్టబోతాడు. వద్దని చెప్పి ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టమనండి. మెట్ల మీద వేలు జారిన రాపిడి వినాలి. ఘంటసాల పల్లవి ఎత్తుకునే ముందు తీసుకున్న ఊపిరి వినాలి. షేక్ చినమౌలానా నాదస్వరం చెవిని కొయ్యకుండా నిండాలి. ఆ ఊపిరి రికార్డులో మొదట్నుంచీ ఉంది, కాగితపు కోను దాన్ని మనదాకా రానివ్వలేదంతే. ఈక్వలైజర్ గీతలన్నీ నడిమికి తెచ్చి వినండి. ఎక్కడినుంచో పది చేతులు మారి వచ్చిన 128 కేబీపీఎస్ పాటతో మాత్రం తీర్పు చెప్పకండి. ఆ పాటలో లేనిదాన్ని ఏ స్పీకరూ పుట్టించలేదు.

క్యాబ్ నడిపేవాళ్లను తలచుకోకపోతే ఈ స్తోత్రం పూర్తి కాదు. రోజుకు పన్నెండు గంటలు ఆ సీట్లోనే కూర్చునేవాడికి ఇంట్లో టీవీ కన్నా తలుపులో స్పీకరే దగ్గర. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో సీటు వెనక్కి వాల్చి, పిలుపు కోసం ఎదురుచూస్తూ, సన్నగా పెట్టుకుని వింటారు. సన్నగా పెట్టినప్పుడు కూడా ప్రతి మాటా తేటగా వినిపించడమే మంచి సెట్టుకు గుర్తు. గట్టిగా ఎవరైనా మోగించగలరు.

అందుచేత, పదివేలున్నవారికి నా మాట. మొదట ముందు తలుపుల షీటుకు, తర్వాత ముందు స్పీకర్లకు, మిగిలితే దాచుకోవడానికి. వెనక స్పీకర్లు కూడా మార్చమని షాపువాడు పట్టుబడితే వద్దనండి, మీరు కూర్చునేది ముందు. డబ్బులిచ్చే ముందు మాత్రం రెండు గాజులూ పూర్తిగా కిందికి దింపి చూసుకోండి. కొత్త మ్యాగ్నెట్ పెద్దది, గాజుకు తగిలే అవకాశం ఉంది.