‘పి.ఎస్. ఐ లవ్ యూ’: నవలయు చలచ్చిత్రమును

ఐర్లండుదేశపు రచయిత్రి సిసీలియా అహెర్న్ 2004వ సంవత్సరమున ప్రకటించిన ‘పి.ఎస్. ఐ లవ్ యూ’ యను నవల నాధారముగ గొని, రిచర్డ్ లాగ్రవనీస్ దర్శకత్వమున 2007వ సంవత్సరమున నొక అమెరికా చలచ్చిత్రము వెలువడెను. నవలను మొదట చదివి, చిత్రమును పిదప చూచితిని. వ్యాకరణము చెప్పుకొనువానికి ప్రణయకథల జోలి యేలయని మిత్రులొకరు నవ్విరి. శోకము స్థాయిగా గల కృతి యే భాషయం దున్నను ఆలంకారికుల పరీక్షకు లోబడినదే యని నా తలంపు.

డబ్లిన్ నగరమునందలి హాలీ యను యువతి భర్త జెరీ మెదడునందు కణితి పుట్టి మృతినొందును. పోవుటకు ముందే యతడు పది లేఖలు వ్రాసి, మార్చి మొదలు డిసెంబరు వఱకు నెలపేళ్లు వానిపై గుర్తించి, ఆయా నెలయందే విప్పవలెనని నియమించియుండెను. ప్రతిలేఖ తుదను మన ‘తా.క.’ వంటి ఆ ప్రేమవాక్యము. అందలి క్రియ వర్తమానార్థకము, కర్తయో, మృతుడు! వర్తమానసమీపమగు భూతభవిష్యత్తులందును వర్తమానప్రత్యయములు వైకల్పికముగ వచ్చునని పాణిని యనుమతించెను గాని, కర్తయే లేని వర్తమానమున కది చాలదు. ఆ యసాధుప్రయోగమే నవలకు ప్రాణము.

లేఖల కట్ట హాలీచేతికి ఒక్కమాఱుగ వచ్చును. విప్పుటకు అడ్డమేమియు లేదు. అయినను విప్పదు, నెల తిరుగువఱకు వేచియుండును. మనలో జీవించియున్నవారు మృతునకు నెలనెల మాసికము పెట్టుదురు. ఇచట మృతుడే జీవించియున్నదానికి నెలనెల పెట్టుచున్నాడు. ఆబ్దికము వఱకు దినములు లెక్కించినవారికి ఈ నిరీక్షణ మెట్టిదో చెప్పనక్కఱలేదు.

చిత్రమునం దీ నిరీక్షణమే లోపించినది. లేఖ లొక్కొక్కటిగ, ఊహింపని రీతుల వచ్చుచుండును. తెచ్చువా రెవరను కుతూహలమున ప్రేక్షకుడు శోకమును మఱచును. తుదకు తల్లియే యని తెలియును. రహస్యము విడినది, రస మెచట?

కరుణమునకును విప్రలంభమునకును భేదము పునస్సమాగమాశయందు గలదు. రతిదేవికి ఆకాశవాణి యూఱట గలిగించెను. హాలీకి అట్టి వాణి లేదు. చిత్రమో, దంపతుల కలహముతో, జీవించియున్న జెరీతో మొదలిడి, అతడు పోయిన పిదపను స్మృతిరూపమున, భ్రాంతిరూపమున మాటిమాటికి తెరపై నిలుపును. కనులయెదుట నున్నవానికై యేడ్చుటెట్లు? రతివిలాపమున శోకమును పునఃపునః ఉద్దీపింపజేయుట దోషమని కాళిదాసునే విడువని మమ్మటుడు దీనిని చూచిన నేమనునో!

మార్పు దోషమని నే ననను. భారతమున లేని శాపమును ఉంగరమును కల్పించియే కాళిదాసు శాకుంతలమును రసవంతము చేసెను. ఇచట హాలీని న్యూయార్కువాసినిగ మార్చి, ఆమె సోదరుల నందఱను తొలగించిరి. అందు రిచర్డను అగ్రజుడును పోయెను. బిగుసుకొనియుండు ఆ మనుష్యునియం దెవరికిని చనువు లేదు. పాడువడిన హాలీతోట దినదినము బాగుపడుచుండును. చేయువా రెవరో యామె యెఱుగదు. తన సంసారము చెడిన ఆ యన్నయే అని తుదకు తెలియును. ఇదియు రహస్యమే, కాని యిది శోకమునుండి పుట్టిన రహస్యము. నవలలో నాకు మిక్కిలి నచ్చిన భాగమిది. స్నేహితురాండ్ర పానగోష్ఠుల వర్ణనములు దీర్ఘములై విసుగు గొల్పినను, దీనికై వానిని సహించితిని.

నాయిక హిలరీ స్వాంక్ రెండుమాఱులు ఆస్కారు బహుమానము నందిన నటి. లోప మామెది కాదు. మృతభర్త కంఠము వినుటకై, టెలిఫోనుయంత్రమున నిలిచియున్న అతని పలుకులను హాలీ మరల మరల వినునట్టి ఘట్టము చిత్రమునం దొకటి కలదు. అచట స్వరము కలదు, శరీరము లేదు. నా కన్ను చెమర్చిన దచటనే. కాని యెంతోసేపు గడవకయే జెరీ సశరీరుడై తెరపై ప్రత్యక్షమయ్యెను.