సమితులూ టైపులూ: 1908 నాటి రెండు దారులు

బడిలో సమితుల పాఠం చదువుకున్నవాళ్లు హాస్కెల్ లాంటి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష దగ్గరికి వస్తే, అక్కడి టైపుల్లో పాత చుట్టాలే కనిపిస్తారు. బూల్ అనే టైపుకు ఒప్పు, తప్పు అని రెండు విలువలు. అది రెండు మూలకాల సమితిలాగే ఉంటుంది. రెండు విలువల టైపును మూడు విలువల టైపుతో జతకడితే ఆరు జతలు. కార్టీజియన్ లబ్ధంలోనూ ఆరే. అదేవిధంగా బూల్ నుంచి బూల్‌కు ప్రమేయాలు అక్కడా నాలుగే, ఇక్కడా నాలుగే (ఆగకుండా తిరిగే లెక్కలను ప్రస్తుతానికి పక్కన పెడదాం). ఈ పోలిక పైపైది కాదు. సమితుల సిద్ధాంతం నేటి రూపమూ, టైపులూ ఒకే చిక్కులోంచి పుట్టాయి.

తనలో తాను మూలకం కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను ఉంటుందా? ఉంటే ఉండకూడదు, లేకపోతే ఉండాలి. బెర్‌ట్రండ్ రస్సెల్‌కు 1901లో తట్టిన ఈ ప్రశ్న 1902 జూన్‌లో తర్కవేత్త ఫ్రెగెకు ఉత్తరంగా చేరేసరికి, అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టబోయిన ఆయన మహాగ్రంథం రెండో సంపుటం అచ్చులో ఉంది. ఆ చిక్కుకు రెండు విరుగుడులు ఒకే ఏడాది, 1908లో వెలువడ్డాయి. ముందే ఉన్న సమితిలోంచి కొన్నిటిని ఏరుకోవచ్చు గాని, లోకమంతటినీ ఒక్కసారిగా పోగేయకూడదన్నాడు గణితవేత్త జెర్మెలో. రస్సెల్ మాత్రం వస్తువులకు అంతస్తులు ఏర్పరిచి, అంతస్తు దాటిన ప్రశ్నకు అర్థమే లేదన్నాడు. జెర్మెలో ప్రశ్నను అడగనిచ్చి, అలాంటి సమితి లేదని జవాబిచ్చాడు. రస్సెల్ ప్రశ్ననే గడప దాటనివ్వలేదు. 1940లో అలొంజో చర్చ్ టైపులను, ప్రమేయాలతోనే లెక్కలు చేసే లాంబ్డా కాలిక్యులస్‌లోకి తెచ్చాడు. ఈనాటి ఫంక్షనల్ భాషలది ఆ వంశమే.

ఆ స్వభావభేదం ఇప్పటికీ పోలేదు. సమితుల లోకంలో దేని గురించైనా ‘ఇది అందులో ఉందా?’ అని అడగొచ్చు. సంఖ్యలను కూడా సమితులుగానే కట్టుకుంటే, 1 అనేది 3లో మూలకమా? వాన్ నోయ్‌మన్ కట్టిన సంఖ్యల్లో అవును, జెర్మెలో కట్టిన సంఖ్యల్లో కాదు. సంఖ్యల గురించి ఏమీ చెప్పని ఈ ప్రశ్నను టైపుల లోకం కంపైలర్ దగ్గరే ఆపేస్తుంది. ఆ క్రమశిక్షణ నాకు ఇష్టం. అయితే సమితుల స్వేచ్ఛ కూడా అంతే ఇష్టం: 4 ఒకేసారి సహజసంఖ్య, సరిసంఖ్య, వర్గసంఖ్య, ఏ ఉపసమితిలో చేరినా అది అదే 4. టైపుల్లో 4 ఒక్క టైపులోనే పుడుతుంది. అది సరిసంఖ్య అని టైపులోనే చెప్పాలంటే రుజువును కూడా దానితోపాటు మోసుకుపోవాలి.

సమ్మేళనంలోనూ అంతే. బూల్ సమితిని దానితోనే సమ్మేళనం చేస్తే మళ్లీ రెండు మూలకాలే. టైపుల కూడికలో నాలుగు విలువలు వస్తాయి, ఎందుకంటే ప్రతి విలువా తాను ఎడమ నుంచి వచ్చిందో కుడి నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది.

అసలు పరీక్ష వేరేచోట ఉంది. హాస్కెల్‌లో ‘పరీక్ష’ అనే టైపును ఇలా నిర్వచించవచ్చు: పరీక్ష అంటే మరో పరీక్షను తీసుకుని ఒప్పో తప్పో చెప్పే ప్రమేయం. కంపైలర్ అభ్యంతరం చెప్పదు. సమితుల్లో ఇది అసాధ్యం. మూడు మూలకాల నుంచి రెంటికి ఎనిమిది ప్రమేయాలుంటాయి; ఏ సమితికైనా అలాంటి ప్రమేయాలు దాని మూలకాలకన్నా ఎక్కువేనని కాంటర్ నిరూపించాడు. మరి హాస్కెల్ ఎలా తప్పించుకుంది? ఏ పరీక్షనైనా దానికే ఇచ్చి, వచ్చిన జవాబును తిరగేసే పరీక్ష ఒకటి రాసి, దాన్ని దానికే ఇచ్చి చూడండి. ఇది అచ్చంగా రస్సెల్ ప్రశ్నే. సమితుల్లో వైరుధ్యమై పేలినది, ఇక్కడ ఎప్పటికీ ఆగని లెక్కగా తిరుగుతూనే ఉంటుంది. 1969లో డేనా స్కాట్ ఈ ఆగని లెక్కను కూడా ఒక విలువగా లెక్కించి, ప్రమేయాలన్నిటినీ కాక అవిచ్ఛిన్నమైనవాటినే తీసుకుని, లాంబ్డా కాలిక్యులస్‌కు నమూనా కట్టాడు. ఇందాక పక్కన పెట్టినవే ఇక్కడ ఆధారమయ్యాయి.

లెక్కలన్నీ ఆగే భాషలోనైనా సమితులకూ టైపులకూ పొత్తు కుదురుతుందా? అన్ని టైపులకూ ఒకేలా పనిచేసే ప్రమేయాలున్న లాంబ్డా కాలిక్యులస్‌కు సమితుల్లో నమూనా ఉంటుందని 1983లో జాన్ రేనాల్డ్స్ ఊహించాడు. మరుసటి ఏడే ఉండదని తానే నిరూపించాడు. అడ్డుపడింది మళ్లీ కాంటర్ వాదమే. ఐతే ఆ నిరూపణ, ఏ మాటైనా నిజమో కాదో రెండిట్లో ఒకటి కాక తప్పదన్న సూత్రం మీద నిలబడింది. 1987లో ఆండ్రూ పిట్స్ ఆ సూత్రాన్ని వదులుకున్న నిర్మాణాత్మక గణితంలో రేనాల్డ్స్ మొదటి ఊహే నెగ్గగలదని చూపాడు: అక్కడ ఆ టైపులు సమితులుగా ఇమిడిపోగలవు.